మన బడికి కీమియా ఉస్తాద్ కావాలి

పదో తరగతి పిల్లల్ని కూర్చోబెట్టి ‘బేటా, పెద్దయ్యాక ఏమవుతావు?’ అని అడిగి చూడండి. డాక్టర్, ఇంజనీర్, సాఫ్ట్‌వేర్. ఈ మధ్య కొందరు యూట్యూబర్ కూడా అంటున్నారు. ‘హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతాను’ అన్న పిల్లను నేను ఇంతవరకు చూడలేదు. పొరపాటున ఎవరైనా అన్నా, పక్కనున్న ఖాలానో ఫూఫీనో వెంటనే అందుకుంటారు: ‘టీచరీ క్యా కర్తే బేటా, నీట్ రాయ్.’ నీట్ రాకపోతే బీఎస్సీ, బీఎస్సీ తర్వాత ఏమీ తోచకపోతే బీఎడ్. అంటే మన దగ్గర టీచర్ ఉద్యోగం అన్నీ తప్పిపోయాక చేతికి మిగిలేది.

అలా మిగిలిపోయిన ఉద్యోగంలోకి అలా మిగిలిపోయినవాళ్ళే వస్తే, వాళ్ళ చేతికి మన పిల్లల్ని అప్పగించి డాక్టర్లు కావాలని దువా చేయడం ఎక్కడి ఇన్సాఫ్? ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఖౌమ్ పేరుతో నడిచే మన బడుల్లో, చట్టం అడిగినా అడగకపోయినా, శిక్షణ పొంది అర్హత పరీక్ష పాసైన టీచర్లే ఉండాలి. అందులోనూ సైన్స్ టీచర్. ఈ మాట కొందరు యాజమాన్యాలకు నచ్చదని తెలుసు. అయినా చెప్పాలి.

బడిలో చేర్పించేటప్పుడు మనం ఏమేం అడుగుతామో గుర్తు చేసుకోండి. ఫీజు ఎంత, బస్సు మన గల్లీ దాకా వస్తుందా, నాజ్‌రా, దీనియాత్ ఉన్నాయా, అమ్మాయిలకు వేరే సెక్షన్ ఉందా. అన్నీ అడగవలసినవే. ‘తొమ్మిది, పది తరగతులకు ఫిజికల్ సైన్స్ ఎవరు చెబుతారు, ఆయన ఏం చదివారు?’ అని మాత్రం ఎవరూ అడగరు. వంటమనిషిని పెట్టుకునేటప్పుడు బిర్యానీ వచ్చా అని అడిగే మనం, పిల్లల ఉస్తాద్ దగ్గరికి వచ్చేసరికి మొహమాటపడతాం.

ముందు దారి ఏమిటో చెబుతాను, ఎందుకంటే చాలా ఇళ్ళలో ఇది తెలియదు. తెలంగాణ హైస్కూళ్ళలో కెమిస్ట్రీకి విడిగా టీచర్ ఉండరు. ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ చెప్పే ‘ఫిజికల్ సైన్స్’ స్కూల్ అసిస్టెంట్ ఒకరు, బయాలజీకి మరొకరు. ఆ ఉద్యోగానికి బీఎస్సీ కావాలి. ఆపైన ఎడ్‌సెట్ రాసి బీఎడ్ చేయాలి. ఒకప్పుడు ఏడాది ఉన్న బీఎడ్‌ను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014 నిబంధనలు రెండేళ్ళు చేశాయి. ఆ రెండేళ్ళలో కనీసం 20 వారాలు బడిలోనే గడపాలి, అందులో 16 వారాలు రెండో ఏడాదిలో. తర్వాత టెట్. పేపర్-2 మొత్తం 150 మార్కులు: పిల్లల మనస్తత్వం, బోధన పద్ధతులకు 30, మొదటి భాషకు 30, ఇంగ్లీషుకు 30, గణితం-సైన్సుకు 60. మొదటి భాషగా ఉర్దూ తీసుకోవచ్చు. జనరల్‌కు 60 శాతం, బీసీలకు 50 శాతం వస్తే పాస్. బీసీ-ఇ సర్టిఫికెట్ ఉన్న మన పిల్లలకు 75 మార్కులు చాలు. ఒకసారి పాసైతే ఆ సర్టిఫికెట్ ఇప్పుడు జీవితాంతం చెల్లుతుంది. ఆ తర్వాత ప్రభుత్వ ఉద్యోగం కావాలంటే డీఎస్సీ. 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే, సబ్జెక్టులన్నీ కలిపి స్కూల్ అసిస్టెంట్ పోస్టులు 2,629.

ఇక్కడ ఒక మెలిక ఉంది. మన అమ్మాయిల్లో ఎక్కువమంది డాక్టర్ ఆశతో బైపీసీ తీసుకుంటారు. సీటు రాకపోతే బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీతో బీఎస్సీ. డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది కదా, హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పవచ్చు అనుకుంటారు. ఫిజికల్ సైన్స్ పోస్టుకు డిగ్రీలో ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ అడుగుతూ వచ్చారు. కాబట్టి వాళ్ళు బయాలజీ టీచర్లవుతారు, లేదా కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి గురుకులాల్లో పీజీటీ వైపు వెళ్ళాలి. రెండూ మంచి దారులే. కాకపోతే ఈ సంగతి ఇంటర్‌లో గ్రూపు ఎంచుకునేనాడే తెలియాలి, ఇరవై నాలుగేళ్ళ వయసులో నోటిఫికేషన్ చదువుతూ తెలుసుకోకూడదు. పాత నోటిఫికేషన్లలో అర్హతల పట్టిక ఉంటుంది. ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చుని చదవండి.

ఈ చదువులో నిజంగా ఏముందో తెలుసుకుందామని ఈ మధ్య ఉస్మానియా క్యాంపస్‌కు వెళ్ళి, బీఎడ్ చేస్తున్న నలుగురైదుగురితో మాట్లాడాను. అందులో ఒకమ్మాయి పాతబస్తీ నుంచి రోజూ రెండు బస్సులు మారి తార్నాకలో దిగుతుంది. బీఎస్సీలో ఫస్ట్ క్లాస్. ‘నాకు కెమిస్ట్రీ వచ్చు భాయ్, అందుకే చెప్పడం కూడా వస్తుందనుకున్నా. ప్రాక్టీస్‌కు బడికి వెళ్ళాక తెలిసింది, వచ్చు అనడం వేరు, చెప్పడం వేరు’ అంది.

ఆమె చెప్పిన ఉదాహరణ ఇది. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే నీళ్ళు. సమీకరణం తుల్యం చేయమంటే, ఎడమవైపు ఆక్సిజన్లు రెండు, కుడివైపు ఒకటే కనిపిస్తాయి. పిల్లలు ఏం చేస్తారంటే, నీళ్ళ ఫార్ములాలో ‘ఓ’ పక్కన చిన్న 2 పెట్టేస్తారు. లెక్క సరిపోయింది. కానీ హెచ్2ఓ కాస్తా హెచ్2ఓ2 అయింది. గ్లాసులో నీళ్ళ బదులు పుండ్లు కడిగే హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి కూర్చుంది! శిక్షణ లేనివాళ్ళు ‘తప్పు’ అని ఎర్ర సిరాతో కొట్టేసి, సరైన జవాబు బోర్డు మీద రాసి, పదిసార్లు రాయిస్తారు. శిక్షణ పొందినవాళ్ళకు ఆ పిల్ల ఎందుకు అలా చేసిందో తెలుసు. ముందున్న పెద్ద అంకె ఎన్ని అణువులో చెబుతుందని, కింద ఉన్న చిన్న అంకె ఆ అణువు దేనితో తయారైందో చెబుతుందని ఆ పిల్లకు ఎవరూ విడదీసి చెప్పలేదు. నాలుగు శనగలు, రెండు బఠానీలు బల్ల మీద పెట్టి చూపిస్తే ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు దొరకని పిల్ల ఇంటర్‌లో కెమిస్ట్రీ అంటేనే వణుకుతుంది. ‘నాకు సైన్స్ రాదు’ అనుకుంటుంది. రాకపోవడం కాదు, చెప్పినవాళ్ళు లేకపోవడం.

ఇలాంటివి పుస్తకం చదివి పట్టుకోలేం. అందుకే ముందు తోటి విద్యార్థుల ముందే ఐదారు నిమిషాల చిన్న పాఠాలు చెప్పిస్తారు. ప్రశ్న ఎలా అడగాలి, జవాబు తప్పయితే ఏం చేయాలి, బోర్డు ఎలా వాడాలి, ఒక్కోటి విడివిడిగా. చూసినవాళ్ళు తప్పులు చెబుతారు, మళ్ళీ చెప్పాలి. తర్వాత అసలు బడి, అసలు పిల్లలు, వెనక బెంచీ నుంచి వచ్చే నవ్వులు. పాఠానికి ముందు ప్రణాళిక రాసి చూపించాలి. యాసిడ్‌ను నీళ్ళలో పోయాలి తప్ప నీళ్ళను యాసిడ్‌లో పోయకూడదన్న సంగతి బీఎస్సీ చదివిన ప్రతివాళ్ళకూ తెలుసు. నలభై మంది పిల్లల్లో ఎవరు తిరగేసి పోయబోతున్నారో కనిపెట్టే కన్ను శిక్షణతో వస్తుంది.

పైగా మన ఇళ్ళంత మంచి ల్యాబ్ ఎక్కడుంది? తెల్ల కుర్తా మీద సాలన్ మరక పడుతుంది. అమ్మీ సబ్బు రుద్దగానే పసుపు మరక ఎర్రగా మారుతుంది. నిమ్మకాయ పిండితే మళ్ళీ పసుపు. ఆమ్లం, క్షారం, సూచిక, పదో తరగతి పాఠం మొత్తం ఆ మరకలో ఉంది. రాగి దేగ్‌లకు ఖలాయి వేయించడం పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఖలాయివాలా గిన్నె కాల్చి, నౌషాదర్ చల్లి, తెల్లటి పొగ లేస్తుండగా తగరం పూసేవాడు. ఆ నౌషాదర్ అమ్మోనియం క్లోరైడ్. కాలిన రాగి మీద పేరుకున్న ఆక్సైడ్‌ను తీసేస్తుంది కాబట్టే తగరం అంటుకునేది. పూత పోయిన గిన్నెలో చింతపండు పులుసు పెడితే చిలుము ఎందుకు పడుతుందో అదే పాఠం చెబుతుంది. మన పిల్లలకు దీన్ని మన ఇంటి మాటల్లో చెప్పగలిగేది ఎవరు? మన ఇళ్ళ నుంచి వెళ్ళి, పద్ధతిగా నేర్చుకుని వచ్చినవాళ్ళే.

మాటల సంగతి వచ్చింది కాబట్టి నా సొంత అనుభవం కొంచెం. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం. మా బడిలో రెండేళ్ళపాటు సైన్స్ టీచర్ లేరు. ఖాళీగా ఉన్న పీరియడ్‌లో ఎవరు దొరికితే వాళ్ళు వచ్చి పుస్తకం చదివించేవాళ్ళు. అన్‌సర్, మురక్కబ్, ఆమేజా అని కంఠతా పట్టాం. ఆ మూడింటికీ తేడా మాత్రం తెలియదు. కాలేజీకి వెళ్ళాక అవే ఎలిమెంట్, కాంపౌండ్, మిక్స్చర్ అయ్యాయి. తెలుగులో డిగ్రీ చదువుతున్నప్పుడు మూలకం, సమ్మేళనం, మిశ్రమం అని తోటి విద్యార్థుల నోట విన్నాను. మూడు భాషల్లో మూడు పేర్లు వచ్చాయి, వస్తువు మాత్రం ఎవరూ చూపించలేదు. మా క్లాసులో నాకంటే హుషారైన పిల్లలు ఉండేవాళ్ళు. సైన్స్ వైపు వెళ్ళినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాళ్ళకు జెహన్ తక్కువై కాదు.

ఇదంతా ఏ ఊళ్ళో జరుగుతోంది? ఉర్దూలో కీమియా చదువు చెప్పిన ఊళ్ళో. 1917లో మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో ఉస్మానియాకు పునాది పడింది. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉర్దూలో పై చదువులన్నీ చెప్పడానికి దారుల్ తర్జుమా పెట్టి, సైన్స్ పుస్తకాలు అనువదించి, లేని మాటలు తయారుచేశారు. కమిటీలు కూర్చుని ఒక్కో మాట మీద వాదించుకున్నాయి. మా బడిలో నేను కంఠతా పట్టిన మాటల వెనక అలాంటి మెహనత్ ఉంది. 1948 తర్వాత ఆ మీడియం పోయింది. ఆర్ట్స్ కాలేజీ భవనం ముందు నిలబడి మనం ఇప్పటికీ ఫొటోలు దిగుతాం.

అక్కడి నుంచి తార్నాక వైపు వస్తే ఐఐసీటీ. 1944లో హైదరాబాద్ రాజ్యంలో మొదలైన ప్రయోగశాలలే తర్వాత రీజనల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ అయ్యాయి, 1989లో ఇప్పటి పేరు వచ్చింది. ఆ సంస్థను నిలబెట్టిన డైరెక్టర్లలో సయ్యద్ హుసేన్ జహీర్ ఒకరు. రసాయన శాస్త్రవేత్త. 1962లో సీఎస్ఐఆర్‌కే డైరెక్టర్ జనరల్ అయ్యారు. జాబిర్ బిన్ హయ్యాన్ నుంచి హుసేన్ జహీర్ దాకా పేర్లు జల్సాల్లో చెప్పుకుని చప్పట్లు కొట్టించుకోవడం మనకు బాగా వచ్చు. ఆల్కలీ అన్న మాట అరబీ ‘అల్-ఖలీ’ నుంచి వచ్చిందని ఫేస్‌బుక్‌లో పెట్టుకుంటాం. ఆ ఆల్కలీని తొమ్మిదో తరగతి పిల్లకు లిట్మస్ కాగితంతో చూపించే టీచర్ మన బడిలో ఉన్నారా? లేనప్పుడు ఆ గర్వం కడుపు నింపదు.

ఇప్పుడు అసలు ముల్లు దగ్గరికి వస్తాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. 2010 ఆగస్టులో టీచర్లకు టెట్ తప్పనిసరి చేశారు. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ప్రమతి కేసులో, మైనారిటీ బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబర్ 1న మరో తీర్పు వచ్చింది. కేసు పేరు చూడండి: అంజుమన్ ఇషాఅత్-ఎ-తాలీమ్ ట్రస్ట్. మైనారిటీయేతర బడుల్లో ఐదేళ్ళకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్ళలో టెట్ పాస్ కావాలని ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పులో చెప్పింది. ఐదేళ్ళలోపు ఉన్నవాళ్ళు టెట్ లేకుండా కొనసాగవచ్చు, ప్రమోషన్ మాత్రం ఉండదు. మైనారిటీ బడుల సంగతి తేల్చాలంటే 2014 తీర్పును మళ్ళీ చూడాలని, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి పంపమని కోరింది.

ఈ వార్త వచ్చాక మన వాట్సాప్ గ్రూపుల్లో చర్చంతా ‘మన హక్కు పోతుందా’ అన్నదాని మీదే నడిచింది. ఆ బేచైనీ నాకు అర్థమవుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం మనకు ప్రాణంతో సమానం. మన బడిని మనం పెట్టుకుని, మన భాషలో, మన తహజీబ్‌తో నడుపుకునే హక్కు అది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదనే నేనూ అంటాను. కానీ ఆ హక్కు ఎవరికోసం ఇచ్చారు? పిల్లల కోసం. బీఎడ్ లేని, టెట్ లేని మనిషిని తక్కువ జీతానికి దొరుకుతున్నారని పెట్టుకుని, ఎవరైనా అడిగితే ‘మాది మైనారిటీ బడి, మాకు వర్తించదు’ అనే యాజమాన్యం ఆ అధికరణాన్ని కాపాడుతున్నట్టు కాదు. మన హక్కును చూపించి మన పిల్లల హక్కు తింటున్నట్టు. అమానత్‌లో ఖయానత్ అంటే ఇదే.

యాజమాన్యాల వైపు మాటలూ విన్నాను. ‘ఫీజులు తక్కువ, సగం మంది సరిగ్గా కట్టరు, శిక్షణ ఉన్నవాళ్ళు అడిగే జీతం ఇవ్వలేం’ అంటారు. కొన్ని బడుల విషయంలో అది నిజం. కానీ గేటుకు గ్రానైట్ వేయించడానికి, యాన్యువల్ డేకు షాదీఖానా బుక్ చేయడానికి డబ్బు దొరికే బడి సైన్స్ టీచర్ దగ్గరే పొదుపు చేస్తే నమ్మడం కష్టం. ‘ఇరవై ఏళ్ళుగా చెబుతున్న ఆపాను టెట్ రాయమంటామా?’ అన్న ప్రశ్న మరింత బరువైనది. ఆమె అనుభవానికి సలామ్. ఆమెను అవమానించమని ఎవరూ అనడం లేదు. ఆమె పరీక్ష ఫీజు బడి కట్టాలి, చదువుకోవడానికి సెలవు ఇవ్వాలి, కొత్తగా వచ్చిన పిల్లలతో కలిసి కూర్చోబెట్టి తయారుచేయించాలి. కోర్టు చెప్పే దాకా ఆగి అప్పుడు పరుగులు పెట్టడం కంటే ఇప్పుడే మనంతట మనం మొదలుపెడితే ఇజ్జత్ మనదే. రేపు పెద్ద ధర్మాసనం ముందు మన వకీలు ‘చట్టం చెప్పకపోయినా మా బడుల్లో అర్హులే ఉన్నారు’ అని నిలబడి చెప్పగలిగితే, 30వ అధికరణానికి అంతకు మించిన బలం లేదు.

మన వైపు కూడా ఒక మురికి ఉంది. ఫీజు కట్టి, క్లాసుకు వెళ్ళకుండా, పరీక్షలకు మాత్రం హాజరయ్యే బీఎడ్. రికార్డులు డబ్బిచ్చి రాయించుకోవడం, బడికి వెళ్ళకుండానే ప్రాక్టీస్ అయిపోయిందని సంతకం తెచ్చుకోవడం. ‘పిల్ల ఇంట్లోనే ఉంటుంది, సర్టిఫికెట్ వస్తుంది’ అని సంబరపడే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ సర్టిఫికెట్ బీరువాలో నికాహ్‌నామా పక్కన ఉంటుంది. ఎప్పుడో అవసరం వచ్చి బయటికి తీస్తే, చేతిలో కాగితం ఉంటుంది, నోట్లో పాఠం ఉండదు. ఆ 20 వారాలే మొత్తం చదువుకు గుండె. అది తీసేస్తే మిగిలేది ఖాళీ ఖలాయి గిన్నె, పూత కూడా లేనిది.

అమ్మాయిల తండ్రులకు ఒక మాట. టీచర్ ఉద్యోగం అమ్మాయిలకు ‘సేఫ్’ అని మనమే అంటాం. ఆ సేఫ్ ఉద్యోగానికి చేరే దారిలో మాత్రం తోడు ఉండం. ఇంటర్న్‌షిప్ మధ్యలో రిష్తా వస్తే చదువు ఆపేస్తాం. డీఎస్సీలో పోస్టు వేరే మండలంలో వస్తే ‘అంత దూరమా’ అంటాం. నిఖా మాట్లాడేటప్పుడే ‘పిల్ల బీఎడ్ పూర్తిచేస్తుంది, టెట్ రాస్తుంది’ అని అవతలి ఖాందాన్‌కు చెప్పడానికి ఏం తగ్గిపోతుంది? అబ్బాయిల సంగతి ఇంకా విచిత్రం. బీఎస్సీ చదివిన మగపిల్లవాడు టీచర్ అవుతానంటే రిష్తాలు రావని భయం. మగపిల్లలకు సైన్స్ చెప్పే ఉస్తాద్ కనిపించకపోతే, వాళ్ళకు ఆ ఊహ మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రభుత్వం వైపు కూడా అడగవలసింది ఉంది. ఉర్దూ మీడియం పోస్టులు కొన్ని రిజర్వేషన్ రోస్టర్‌లో ఆయా వర్గాల నుంచి ఉర్దూ చదివిన అభ్యర్థులు దొరకక ఖాళీగా మిగిలిపోతున్నాయి. పోస్టు కాగితం మీద ఉంటుంది, బడిలో టీచర్ ఉండరు. ఈ ముడి విప్పమని సంఘాలు ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాయి. ఇంకా గట్టిగా అడగాలి. అయితే పోస్టు తెరిచిన రోజున అర్హులు మన దగ్గర ఉండాలి కదా. గచ్చిబౌలిలో మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బీఎడ్ చెబుతోంది. తార్నాకలో బస్సు దిగితే ఉస్మానియా ఉంది. దారులు మూసుకుపోలేదు.

జకాత్, సదఖా డబ్బుతో స్కాలర్‌షిప్‌లు ఇచ్చే పెద్దలు ప్రతి ఊళ్ళో ఉన్నారు, మాషా అల్లాహ్. మెడికల్ సీటుకు ఇచ్చినట్టే, హఖ్‌దారులైన ఇద్దరు పిల్లలకు బీఎడ్‌కు ఇవ్వండి. ఒక డాక్టర్ తన రోగుల్ని చూసుకుంటాడు. ఒక మంచి ఫిజికల్ సైన్స్ టీచర్ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏడాదికి నలభై మంది చొప్పున లెక్కేసినా పన్నెండు వందల మందికి ఆ చిన్న 2 ఎక్కడ పెట్టకూడదో నేర్పుతారు. వాళ్ళలోంచే డాక్టర్లూ వస్తారు.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్ళినప్పుడు మార్కుల కాగితం మీద సంతకం పెట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. మా పిల్లకు కెమిస్ట్రీ ఎవరు చెబుతున్నారు? వారికి బీఎడ్, టెట్ ఉన్నాయా? లేకపోతే, అవి పూర్తిచేయడానికి బడి ఏం సాయం చేస్తోంది? అదబ్‌గా అడగండి, కానీ జవాబు వచ్చే దాకా కుర్చీలోంచి లేవకండి.